మిగిలిన ఒక్క మగపువ్వు

మామయ్యా,

గుమ్మడిపాదుకి మొదటి ఆడపువ్వు విచ్చుకుంది. రేకుల కింద చిన్న పిందె ఉన్నది అదే. ఎండెక్కితే ముడుచుకుపోతుంది, అందుకని కాఫీ తాగగానే మగపువ్వు కోసి, దాని పుప్పొడి ఈ పువ్వు మధ్యలో అద్దండి. మీ చెయ్యి వణికినా ఫరవాలేదు. మగపువ్వు మాత్రం ఒక్కటే ఉంది. మిగతావన్నీ మొగ్గలతో సహా నిన్న మీరు కోసేసి అత్తయ్య ఫొటో ముందు పెట్టేశారుగా! గులాబీలు విరగబూశాయి, ఆవిడకి అవి ఎన్నైనా కోసుకోండి. నాకు డ్యూటీకి టైమైపోయింది.

మీ కోడలు

అన్నట్టు, ఆ పాదు అత్తయ్య తన డబ్బాలో దాచుకున్న ఆఖరి గింజ నుంచి మొలిచింది. అందుకే నిన్న మీ మీద అంత నోరు పారేసుకున్నాను.