చివరి తూముకు అందని గోలీలు

మందుల పంపిణీ అధికారి గారి సముఖమునకు,
బోధన్ మండలము, కాలువ చివరి తూము కింద మడులకు నీళ్లు వదిలే నీరటి నర్సింలు వ్రాసుకొనునది.

అయ్యా,

విషయం: నా కూతురు హర్షిణి ఫైలులో వ్రాసిన "రోగి నిర్లక్ష్యం" అను మాట కొట్టివేయుట, ఆమెకు కిడ్నీ గోలీలు, రక్తపరీక్ష నిజామాబాదులోనే ఇప్పించుట గురించి.

1. తమకు తెలియజేయునది ఏమనగా, నా కూతురు హర్షిణి, వయస్సు ఇరవై మూడు, రెండేళ్ల క్రితం హైదరాబాదు పెద్ద దవాఖానలో కిడ్నీ మార్పిడి చేయించుకున్నది. సదరు కిడ్నీ నాది. కావున ఈ అర్జీ తండ్రిగానే కాక, నా ఒంట్లోది ఏ స్థితిలో ఉన్నదో అడుగుటకు హక్కు గలవాడిగా కూడా పెట్టుకొనుచున్నాను. ఆపరేషన్ సర్కారే చేయించింది. ఆ మేలు మరువను.

2. కొత్త కిడ్నీని ఒళ్లు పరాయిదనుకొని పాడుచేయకుండా, బతికినన్నాళ్లు పొద్దున, సాయంత్రం గోలీలు మింగవలెను. అవి హైదరాబాదు కౌంటరులోనే ఇస్తారు. రోగి స్వయముగా హాజరు కావలెనని తమ నిబంధన. ఈ గోలీలు మింగేవారికి రోగాలు తొందరగా అంటుతాయని డాక్టరమ్మ కాగితంలో "జనం గుమిగూడే చోటికి పోరాదు" అని ఉన్నది. తమ కాగితంలో "వరుసలో నిలబడవలెను" అని ఉన్నది. రెండింటి మీదా సర్కారు ముద్రే. నా బిడ్డ ఏ ముద్ర మాట వినవలెనో తెలుపగలరు. బస్సులు మారి పోయి, నాలుగు గంటలు నిలబడి వచ్చిన ప్రతిసారీ ఆమెకు జ్వరమే.

3. మొన్నటి ఎండాకాలంలో నెలకు బదులు పదిహేను రోజుల గోలీలే ఇచ్చారు. "స్టాకు లేదు, మళ్లీ రండి" అన్నారు. ఎప్పుడు రావాలని అడిగితే కిటికీ మూశారు.

ఇక్కడ తప్పు చేసింది నేను. దాచను. కాలువలో నీళ్లు తక్కువైతే నాలుగు రోజులు వదిలి, నాలుగు రోజులు బందు పెట్టి, ఉన్న నీళ్లతోనే పంటను గట్టెక్కించడం ముప్పై ఏళ్లుగా నా పని. గోలీలకూ అదే వంతు పెట్టాను. ఒక రోజు మింగుడు, ఒక రోజు బందు. "బాపూ, ఒక్క పూట సుత తప్పొద్దని డాక్టరమ్మ చెప్పింది గదా" అన్నది హర్షిణి. "వంతు పెడితే వరి ఎండుతదా బిడ్డా? నాకు తెల్వదా?" అని నేనే నోరు మూయించాను. నెల తిరగకముందే కాళ్లు వాచాయి. కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్షలో ఒకటి ఉండవలసిన క్రియాటినిన్ మూడు దాటింది.

4. మా ఊరి ఎగువ తూము కింద వెంకటసుబ్బారావు గారున్నారు. ఆయనకూ కిడ్నీ మార్పిడే; అదే దవాఖాన, అదే నెల, అదే డాక్టరమ్మ, అవే గోలీలు. కౌంటరులో లేకపోతే ఆయన బయట కొంటారు. ఒంట్లో మందు సరిపోతున్నదా లేదా చూసే రక్తపరీక్ష వాళ్లమ్మాయి ఝాన్సీ కారులో తీసుకుపోయి చేయిస్తుంది, మూడో రోజుకు ఫోనులో వస్తుంది. మాకు ఆ కాగితం వచ్చేసరికి నెల. ఆయన చెరుకు తోటలో తిరుగుతున్నారు. నా బిడ్డ మంచం దిగలేదు.

ఆయన మీద నాకు కోపం లేదు. సంగతి తెలిసి ఇంటికొచ్చి తిట్టారు. "బుద్ధుందా నర్సింలూ? ఒక్క మాట అడిగితే నా డబ్బాలోవి ఇవ్వనా?" అన్నారు. ఇస్తారు. కాని అయ్యా, సర్కారు పెట్టిన కిడ్నీ నిలవడానికి నేను ఇంకొకరి డబ్బా అడుక్కోవాలా? ఎగువ రైతు తూము ఎక్కువ తెరిస్తే, కింది మడి కూడా తడవాలని నేను పోయి దించేస్తాను. గోలీల దగ్గర ఆ పని ఎవరిది? తమది కాదా?

5. ఇంజక్షన్లతో క్రియాటినిన్ రెండుకు దిగింది. ఇక ఒక్క పూట తప్పినా కిడ్నీ దక్కదని డాక్టరమ్మ చెప్పింది. ఇంతలో తమ కార్యాలయం "రోగి నిర్లక్ష్యం" అని వ్రాసింది. ఆ మాట పడినవారికి సంజాయిషీ తేలేవరకు వారం గోలీలే ఇస్తారట. గోలీ తప్పిందని గోలీలు తగ్గిస్తారా? ఇదెక్కడి తెలివి? కడుపు మండి అడుగుతున్నాను. రోగి ఏ తప్పూ చేయలేదు. ఆ చోట "తండ్రి నర్సింలు" అని వ్రాయండి, సంతకం పెడతాను. దాని కిందనే కిటికీ మూసినవారి పేరు కూడా వ్రాయండి.

పై సంగతులు చిత్తగించి, నెలకు సరిపడా గోలీలు వెంటనే ఇప్పించవలెనని కోరుచున్నాను.

తమ విధేయుడు, విధేయత ఇంకా మిగిలి ఉన్నంతవరకు,
నీరటి నర్సింలు

తా.క. సారూ, పైదంత మా ఊరి వినీత టీచరు దిద్ది రాసింది. ఇది నేనే రాస్తున్న. నా రెండో కిడ్నీ తీసుకోమని డాక్టరమ్మను అడిగిన. ఒక్కటే ఉన్నోని కాడ తీసుకోరంట. డబ్బల మూడు రోజుల గోలీలే ఉన్నయి. పొద్దున హర్షిణి దిండు కింద ఒక గోలీ దొరికింది. నిన్నటిది, మింగకుంట దాసింది. ఏందే ఇది అంటే, "ఇంకో రోజు వస్తది గద బాపూ" అన్నది. నేను నేర్పిన వంతే సారూ. ఇప్పుడు నేను వద్దంటే నా మాట ఇంటలేదు. గోలీలు వస్తయని మీరు ఒక్క ముక్క రాసియ్యుండ్రి, బిడ్డకు సూపెడుత.