రెండు ఊళ్ల బొమ్మ

ప్రియమైన సచియెకి,

నువ్వు కుషిరోలో మీ ఇంటికి చేరావని మీ ఆయన ఫోనులో చెప్పారు. అమ్మ అస్థికల కుండ ఇంకా మా ఇంట్లో బల్ల మీదే ఉంది. రోజూ దాని ముందు అన్నం పెడుతున్నాను. ఏడుపు మాత్రం రావడం లేదు. మనసుకి ఏదీ తెలియడం లేదు.

పనికి వెళ్తున్నాను. తవ్వకాల్లో దొరికిన, వేల ఏళ్ల నాటి జోమోన్ కాలపు కుండ పెంకులను పళ్ల బ్రష్‌తో కడగడం, అంతే. నిన్న ఒక మట్టి ఆడబొమ్మ కాలు దొరికింది. పొట్టిగా, లావుగా, అచ్చం నీ కాలులాగే ఉంది.

అమ్మ పోయిన నలభై తొమ్మిదో రోజుకి అస్థికలు సమాధిలో చేరాలి. నాన్న సమాధిలోనే పెడదామని గుడి గురువుగారితో అన్నాను. అడ్డు చెప్పకు.

నీ మేలు కోరే అక్క,
తోమీ

అక్కకి,

నా కాళ్ల సంగతి నీకెందుకు? అడ్డు చెప్పకు అన్నావు కాబట్టే చెబుతున్నాను. ఆ సమాధిలో నాన్న ఒక్కడే లేడు, నాయనమ్మ కూడా ఉంది. బతికినన్నాళ్లూ "ఏం పులుసే ఇది? మీ కుసాబా ఊళ్లో పశువులకి ఇట్టాగే పోస్తారా?" అంటూ అమ్మను కాల్చుకుతింది. చచ్చాక కూడా అమ్మ ఆవిడ పక్కనే పడుకోవాలా?

ఆస్పత్రిలో నువ్వు మందులకి వెళ్లినప్పుడు అమ్మ నా చెయ్యి పట్టుకుని "అక్కడ మాత్రం వద్దే" అంది. నువ్వు నమ్మవు. నీకెప్పుడూ ఊళ్లో వాళ్లేమంటారోనని భయం. అమ్మను నాకు పంపించు. లేకపోతే నాకు అక్క కూడా లేదనుకుంటాను.

సచియె
(ఈసారి ప్రేమతో అని రాయడం లేదు)

ప్రియమైన సచియెకి,

ఆ మట్టిబొమ్మ కాలి తాలూకు ఒళ్లు కొండ అవతలి ఊరి తవ్వకంలో దొరికింది. రెండూ కలిపితే మధ్యలో వెంట్రుక కూడా దూరలేదు. సులువుగా విడిపోవాలనే వేర్వేరు ముద్దలతో చేసేవారట. విరగ్గొట్టి తలా ఒక ముక్క తీసుకుపోయేవారేమో అన్నారు మా పెద్దాయన. "ఏమో" అనకుండా ఆయన ఏదీ చెప్పరులే.

అప్పుడు గురువుగారిని అడిగాను. "అస్థికలు పంచుకోవడం తప్పేం కాదమ్మా, చాలామంది చేసేదే" అన్నారు. ఆదివారం పాత గుడ్డ పరిచి, కుండ తెరిచి, అమ్మను రెండు భాగాలు చేశాను. పెంకులు వేరు చేసినట్టే చేశాను. అలా చేయగలిగినందుకు నామీద నాకే అసహ్యం వేసింది.

నీ భాగం పోస్టులో పంపుతున్నాను. నా భాగం నాన్న దగ్గరికి వెళ్తుంది. ఇకనైనా దెబ్బలాడకు.

అలసిపోయిన అక్క

అక్కా,

పెట్టె వచ్చింది. మూత తీసి హడలిపోయాను. ఎముకల మీద నల్ల సిరాతో ఏమిటా రాతలు? నీకు మతి పోయిందా? మా ఆయన భూతద్దం తెచ్చి చదివాడు. ప్రతి పెద్ద ముక్క మీదా "కుసాబా, హత్సుయో" అని ఉందట. అమ్మ పేరు సరే, అమ్మ పుట్టిన ఊరు ఎందుకు రాశావు? నాకు నీ గురించి భయంగా ఉంది. వెంటనే జవాబు రాయి.

సచియె

నా చెల్లికి,

మతి పోలేదు. మా పనిలో ప్రతి పెంకు మీదా అది ఏ చోటిదో సన్నటి కుంచెతో రాస్తాం. రాయకపోతే ఎంత మంచి ముక్కైనా ఎక్కడిదో తెలియకుండా పోతుంది. అమ్మను అంత దూరం పంపుతున్నానే అనుకుంటూ, నాకు తెలియకుండానే కుంచె తీశాను. మన ఊరి పేరు రాయబోయాను. రాయలేకపోయాను. మన ఇంట్లో అమ్మను ఏనాడూ ఎవరూ మన మనిషి అనలేదు. నువ్వు చెప్పింది నమ్ముతున్నాను.

నాన్న సమాధి వద్దని గురువుగారికి చెప్పేశాను. ఊళ్లో వాళ్లు ఏమన్నా అననీ. కుసాబాలో అమ్మమ్మ వాళ్ల సమాధి ఉంది కదా. మామయ్య కొడుకుని అడిగితే "మా అత్తే కదా, తీసుకురండి" అన్నాడు. మొత్తం అమ్మను అక్కడే పెడదాం. నీ దగ్గరున్నది తీసుకుని బయలుదేరు.

రైల్లో అమ్మను సామాన్లతో పాటు పైన పెట్టకు. ఒళ్లో పెట్టుకో.

స్టేషనులో నీకోసం నిలబడే అక్క,
తోమీ