తమ్ముడు పోయిన తిథి

విశాఖపట్నం, 5-12-2014

దాలమ్మకి జగన్నాధం రాస్తన్నది. అమ్మాయి ఇంటికాడ బాగున్నాను. ఫోన్లో సెప్తే సగం మరిసిపోతావని కార్డు రాస్తన్నాను.

నిన్న నేవీ పండగని అల్లుడు బీచికి తీసుకెళ్ళాడు. అక్కడ చీపురుపల్లి ముసలాయన ఒకడు పతకాలు పెట్టుకొని కూకున్నాడు. ఏ ఓడ బాబూ అని అడిగితే, డెబ్బై ఒకటి యుద్ధంలో మన సింహాద్రితోటి మునిగిపోయిన ఓడే. ఈయన ఈది బతికాడు. నా తమ్ముడిని ఎరుగుదువా అన్నాను. "ఎందుకెరగను, మూడు పూటలా అన్నం కావాలని వంటోడితో తగువాడీవోడు" అన్నాడు. ఆఖరు దినం ఏటి తిన్నాడని అడిగాను. రొట్టెలేనట.

ఓడ మునిగింది డిసెంబరు తొమ్మిదిని. మనకి టెలిగ్రాం ఎనిమిది దినాల తరవాత, అమాస నాడు వచ్చింది. అందులో తేదీ లేదు. శవం దొరకలేదు కదా, కబురు తెలిసిన తిథికే తద్దినం పెట్టమన్నాడు పంతులు. ఇన్నేళ్ళూ అలాగే పెట్టినాను, ఏ దినం పోయాడని ఒక్కలినీ అడగలేదు. తప్పు నాదే. ఏటేటా ఆడిని ఎనిమిది దినాలు ఆకలితో కూకోబెట్టీసినానేమో.

కార్డు అందిన దినమే పంతులు ఇంటికెళ్ళు. ఆ యేటి డిసెంబరు తొమ్మిది ఏ తిథో పాత పంచాంగం సూసి సెప్పమను. కబురు తిథే సెల్లుతాదంటాడు, వినకు. ఆ తిథి అమాసకి ముందే వస్తాది, ఆలీసం సెయ్యకు. తెలిసినెంటనే అల్లుడికి సెప్తే నాను బస్సెక్కీస్తాను.

ఆవు ఈనిందా? కొత్త బియ్యం ఆడించి ఉంచు. మన అబ్బాయి రమేష్‌బాబుకీ పిల్లలకీ నా దీవెనలు.

అమాస నాడు పెట్టడం కూడా మానొద్దు. ఇన్నేళ్ళు అలవాటు పడ్డోడు, వచ్చి సూసుకుంటాడు.