నాకు కావలసిన ఫోను ఏ షాపులోనూ లేదు

ఎమ్మిగనూరు,
మంగళవారం.

మల్లికార్జున బావకు, కోపంగా ఉన్నా ప్రేమ చావని నీ భార్య అనురాధ రాసేది.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వకు. నా ఫోన్ నువ్వే పట్టుకుపోయావు. నాయన ఫోన్‌లో మాట్లాడదామంటే ఆయన పక్కనే కూర్చుని వింటాడు. అందుకే కాగితం తీశాను. ఉరుకుందప్పన్న రోజూ ఆదోని బస్సులో పోయివచ్చేవాడే కదా, ఆయన చేతికిచ్చి పంపుతున్నాను.

నువ్వు ఆయనతో చెప్పి పంపిన మాట అందింది. "శుక్రవారం వచ్చేయమను, కొత్త ఫోన్ కొనిస్తా. దాంట్లో ఏమేమి ఉండల్లో సెప్పమను" అన్నావంట. అడిగావు కాబట్టి చెప్తున్నాను, తీరిగ్గా కూర్చుని చదువు.

ముందు కెమెరా సంగతి. నేను చూపించాలనుకున్నదే అది చూపించాలి. "పక్కకి తిప్పు, యాడుండావ్, ఆ నవ్విందెవరు" అని నువ్వు గద్దిస్తే తిరగకూడదు. నవ్వింది పక్కింటి సుంకులమ్మవ్వ అంటే నమ్మావా? ఆమె బోసినోరు చూపించేదాకా వదిలిపెట్టలేదు నువ్వు. పాపం ఆ ముసలామె ఆరోజు నుంచి మా గడప తొక్కడానికే సిగ్గుపడుతోంది.

ఆ ఫోన్‌కు చెవులు కూడా ఉండాలి. మగ్గం ఆడుతున్న చప్పుడు వినబడితే నన్ను లేపకుండా తనే నీకు జవాబు చెప్పాలి: ఆమె చేతులు ఖాళీ లేవు, సాయంత్రం మాట్లాడుతుంది, పోయి నీ పని చూసుకో అని. ఎవరైనా అరిస్తే ఆ అరుపు మొదట అరిచినవాడి చెవిలోనే మోగాలి. "తిన్నావా" అని అడగనిదే "యాడుండావ్" అనే మాటను ఇవతలికి రానివ్వకూడదు. నువ్వు నీ జిన్నింగ్ మిల్లులో మిషన్లు మోగుతుంటే నా ఫోన్ వినపడలేదంటావు. నేను సరేనంటాను. ఒక్కనాడైనా పత్తి బేళ్ళ మధ్య కెమెరా తిప్పి చూపించమన్నానా?

ఇప్పుడు నీకు ఇన్నాళ్ళూ చెప్పని మాట చెప్తాను. నాయన కాలు విరిగితే ఆయన మగ్గం మీద నేను కూర్చున్నానని నీకు తెలుసు. మగ్గం మీద నుంచి లేవాలంటే పడుగు సడలించి, జాగ్రత్త చేసి లేవాలి. నూలు అటూ ఇటూ తిప్పే నాడెను ఉన్నట్టుండి చేతిలోంచి వదిలేసి దిగ్గున లేస్తే, మళ్ళీ మొదలుపెట్టిన చోట చీరకు అడ్డంగా ఒక గీత పడుతుంది. అది ఉతికినా పోదు. నీ ఫోన్ మోగినప్పుడల్లా నేను దిగ్గున లేచాను. చీర తీసుకుపోవడానికి వచ్చిన షావుకారు దాన్ని మా వాకిట్లో వెలుతురుకు పట్టి, "ఏందప్పా ఈరప్పా, ఇది నీ ఇంటి నేతేనా?" అన్నాడు. నేను నోరు తెరవబోతే నాయన నా చెయ్యి నొక్కిపట్టి, "నాదేలే అప్పా, కాలునొప్పికి సెయ్యి తప్పింది" అన్నాడు. ఆయన నేసిన చీరకు ఏనాడూ ఎవరూ వంక పెట్టలేదు బావా. నీ పరువు కాపాడడానికి మా నాయన తన చేతిపని మీద మచ్చ వేసుకున్నాడు.

అందుకే రెండో చీర నేస్తున్నప్పుడు నీ ఫోన్ ఎత్తలేదు. నువ్వు బండేసుకుని ఉరికొచ్చావు. కట్టుతో పడుకున్న నాయన ముందే, "ఎత్తనిదానికి నీకు ఫోనెందుకు?" అని మగ్గం గుంజకు తగిలించిన దాన్ని లాక్కుపోయావు. అప్పుడు నేను లేవలేదు, గుర్తుందా? వచ్చి చూసుకో, ఆ చోట గీత లేదు.

శుక్రవారం రాను. ఈ చీర నేయడం ముగించి మగ్గం నుంచి కోసి, నాయన లేచి తిరిగేదాకా రాను. నేను చెప్పిన ఫోన్ ఏ షాపులోనూ దొరకదని నాకూ తెలుసు. ఆ గుణాలు నీకుంటే నాకు ఆ పాత డబ్బా ఫోనే చాలు.

ఇట్లు,
నీకు భయపడడం మానేసిన
అనురాధ

ఆదోని,
గురువారం.

నా బంగారు మేనకోడలు అనురాధకు, నీ అత్త బసమ్మ అర్చనతో రాయించేది.

నీ కాగితం వాడు సదివి, మడిచి దిండు కింద పెట్టినాడు. నా కూతురు అర్చన దాన్ని తీసి నాకు సదివి వినిపించింది. తప్పయితే నన్ను తిట్టు, దాన్ని అనొద్దు.

నేనూ ఆ మగ్గం ఇంట్ల పుట్టినదాన్నే గదమ్మా. నా తమ్ముని సీరకు గీత పడిందంటే నాకు అన్నం దిగలేదు. అది నా కొడుకు గీసిన గీతని తెలిసినాక నిద్ర పట్టలేదు.

నీ ఫోన్ ఇప్పుడు నా కొంగున ఉండాది. వాని బండిలో ఉంటే తీసుకుంటి. నిన్న మిల్లు నుంచి నాతో మాట్లాడేకి వాడు దానికే ఫోన్ సేసినాడు. నేను రొట్టెలు తడతాండా, ఎత్తలే. ఊరికే మోగిస్తానే ఉన్నాడు. కడకు ఇంటికే వచ్చి, "యాడుండావ్‌మా, ఎత్తేకి ఏమైంది?" అన్నాడు. "ఈడే ఉండా. పిండి సేతులు సూపించల్లా? ఇల్లంతా తిప్పి సూపించల్లా?" అన్నా. సెప్పులు కూడా ఇడవకుండా అట్లే నిలబడినాడు.

శుక్రవారం నువ్వు రాబాకు. నేనే వస్తాండా, ఫోన్ తీసుకొని. మగ్గం మీద కూసునే ఓపిక లేదు గానీ నాడెలోకి నూలు కండెలు సుట్టి ఇస్తా.

ఇట్లు,
వానికి అమ్మ, నీకు మేనత్త
బసమ్మ

ఎమ్మిగనూరు,
ఆదివారం.

బావకు, అనురాధ రాసేది.

ఫోన్ నా చేతికొచ్చింది. అయినా ఇది ఉత్తరంలోనే రాస్తున్నాను, మధ్యలో నువ్వు అడ్డం మాట్లాడవు కాబట్టి.

నిన్న నువ్వు వీడియో కాల్ చేసినప్పుడు నేను మగ్గం మీద ఉన్నాను. అత్త ఎత్తింది. తెర నిండా మీ అమ్మ, వెనక సుంకులమ్మవ్వ బోసినవ్వు. నువ్వు గొంతు సవరించుకుని, "తిన్నావామా?" అన్నావంట. అత్త అది నాకు చెప్పి, "సూడు, మారినాడు" అని కళ్ళు తుడుచుకుంది. నేను మాత్రం ఇప్పుడే ఆ మాట అనను. ఆ ప్రశ్న నువ్వు నన్ను అడిగిన రోజు చూద్దాం.

గీతలు పడ్డ ఆ మొదటి చీరను షావుకారు అమ్ముడుపోదని తిప్పి పంపేశాడు. నాయన దాన్ని మూట కట్టి అటక మీద పెట్టమన్నాడు. నేను పెట్టలేదు. ఆదోని బస్సు దిగే రోజు దాన్నే కట్టుకుని దిగుతాను. చీరకు ఈ గీతలేమిటని వీధిలో ఎవరైనా అడిగితే, మా ఆయన ఫోన్ చేసినప్పుడల్లా పడినవని చెప్తాను. నీకు సిగ్గయితే ఆరోజు బస్టాండుకు రాకు.

రేపు సాయంత్రం మగ్గం దిగాక నేనే ఫోన్ చేస్తాను. ఎత్తు. ఎత్తకపోయినా నేను ఉరికి రాను, పనిలో ఉన్నావనుకుంటాను.

ఇట్లు,
అనురాధ