ముప్పై ఒకటో ట్యూబు

డైరెక్టర్ గారికి నమస్కారం.

నా పరిశోధన వ్యాసాల్లో మొదటి ఏడు జన్యువుల మీద, తర్వాతి నాలుగు వలస కూలీల ఫోన్ల మీద ఎందుకున్నాయని పదోన్నతి కమిటీ అడిగింది. "నిలకడ లేదు" అని కూడా రాసింది. ఇదీ నా జవాబు.

ఆరేళ్ల కింద రుద్రంగిలో కల్లు గీత కార్మికుల ఇళ్లకు వెళ్లి, అరవై మంది మగవాళ్ల ఉమ్మి ట్యూబుల్లో పట్టుకున్నాను. వేల ఏళ్ల కింద వాళ్ల పూర్వీకులు ఎటునుంచి వచ్చారో తేల్చాను. ఆ సంగతి వాళ్లకే చెబుదామని తిరిగి వెళ్తే సగం మంది గల్ఫ్‌లో ఉన్నారు. సాయవ్వ అనే ఆమె అంతా విని, "వేల ఏండ్ల కింది ముచ్చట చెప్పవడితివి. నా కొడుకు చందు దుబాయి పోయిండు, ఎనిమిది నెలల సంది ఫోన్ లేదు. గిప్పుడు ఏడ ఉన్నడో చెప్పు" అంది.

అందుకే కంప్యూటర్‌తో మనుషుల రాకపోకలు లెక్కగట్టడం నేర్చుకున్నాను. కోరుట్ల, సిరిసిల్ల పల్లెల వాళ్లు ఇచ్చిన ఫోన్ వివరాలతో, ఇంటికి కబుర్లు ఎప్పుడు తగ్గి ఎట్లా ఆగిపోతాయో రాశాను. చందు మాత్రం దొరకలేదు.

పాత నమూనాలన్నీ నెలాఖరుకు పారేయమని మీ ఉత్తర్వు. నమూనా ఇచ్చినవాళ్ల పేర్లు బయటపెట్టకూడదని తెలుసు, అయినా చెబుతున్నాను: ముప్పై ఒకటో ట్యూబు చందుది. పదోన్నతి సంగతి మీ ఇష్టం, దాన్ని మాత్రం ఉండనివ్వండి.

నిన్న సాయవ్వ ఫోన్ చేసి, "అప్పుడు పట్టుకపోయిన వాని ఉమ్మి ఇంక నీ తాననే ఉన్నదా బిడ్డా?" అని అడిగింది.

భద్రంగా ఉందని చెప్పాను. ఫ్రీజర్ తాళంచెవి నా దగ్గరే ఉంది.