మచ్చలేని పళ్ళు

అన్నయ్యకు,

పురిటికి పుట్టింటికి వచ్చిన హైమకు పురుగుమందు తగలని మామిడిపళ్ళు కావాలని బుట్ట పంపావు. ఏటా ఇంతే. మందు కొట్టిన నీ తోట పళ్ళు బజారుకి, మా పళ్ళు మీ ఇంటికి. ఎప్పుడూ కాదనలేదు.

ఈసారి పంపలేను. మీ బావ కంటి ఆపరేషనుకి మేం విశాఖలో ఉన్నప్పుడు మా సువర్ణరేఖ మామిడిచెట్లకు నువ్వే మందు కొట్టించావు. "పూతంతా మాడిపోతన్నాది సెల్లీ, సూస్తూ ఊరుకోమంటావేటి? ఒక్కసారికి ఏటవుతాది?" అన్నావు. ప్రేమతో చేసినదానికి నిన్నేమనగలం? మూడేళ్ళుగా పేడ, వేపకషాయాలతోనే నెట్టుకొచ్చాం. సేంద్రియ తోటని సర్టిఫికెట్ ఇవ్వాల్సినవాళ్ళు సంగతి తెలిసి, మళ్ళీ మొదటి ఏడాది నుంచి మొదలుపెట్టమన్నారు. మీ బావ అప్పటినుంచి తోట వైపే వెళ్ళడం లేదు.

కాపు మాత్రం విరగకాసింది. ఒక్క పండుకీ మచ్చ లేదు. వీళ్ళకి ఇన్నాళ్ళకు బుద్ధొచ్చిందని ఊరంతా మెచ్చుకుంటోంది.

బుట్ట ఖాళీగానే తిప్పి పంపుతున్నాను. బజారులో ఎక్కడైనా పురుగు పట్టిన పండు కనిపిస్తే వదిలిపెట్టకు. హైమకు అదే కొనిపెట్టు.

నీ చెల్లెలు