ఫ్రిజ్ మీద ఆఫ్రికాన్స్

ఫ్లాట్ బుష్,
ఆదివారం.

అక్కా,

నిన్న ఫోన్‌లో నువ్వు అడిగితే బాగానే ఉన్నానన్నాను. ధీరజ్ పక్కనే ఉన్నాడు మరి. వాడికి తెలియకూడదనే ఈ ఉత్తరం.

ఇరవై ఏడేళ్లుగా నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చినవాడు, ఆర్నెల్లుగా ఆఫ్రికాన్స్ నేర్చుకుంటున్నాడు. వాడు పెళ్లాడబోయే ఆనెకా వాళ్లది దక్షిణాఫ్రికా. వాళ్ల అమ్మమ్మతో మాట్లాడాలట! ఫ్రిజ్ మీదున్న మన తెలుగు క్యాలెండర్ తీసేసి వ్యాకరణం చార్టు అంటించాడు. వంట చేస్తూ పాఠం అప్పజెప్పించుకునేది నేనే.

"పాస్ట్ టెన్స్‌లో వెర్బ్ గోస్ టు ది ఎండ్, మామ్! సో హార్డ్!" అన్నాడు మొన్న.

"మన భాషలో ఎప్పుడూ అక్కడే ఉంటుందిరా" అన్నాను.

"రియల్లీ?" అన్నాడు. నా కడుపు మండిపోయింది.

నిన్న మధ్యాహ్నం ఆ అమ్మమ్మగారు మమ్మల్ని భోజనానికి పిలిచింది. వీడు ఆఫ్రికాన్స్‌లో మాట్లాడుతూ సగం వాక్యంలో ఆగిపోయాడు. మిగతా సగం నేను అందించాను. ఆవిడ లేచొచ్చి, వాణ్ణి వదిలేసి నన్ను కావలించుకుంది. నిజం చెప్పనా? అంతకన్నా వాడి మొహం మాడిపోవడమే నాకు తృప్తిగా అనిపించింది. కన్నతల్లిని, ఇలా అనుకోవచ్చా?

ఇప్పుడు ఆనెకా నన్ను తెలుగు నేర్పమంటోంది. పెద్ద అక్షరాలున్న వాచకాలు రెండు పంపించు. ఒకటి ఆ పిల్లకి. రెండోది బీరువాలో దాచేస్తాను. వాడు నోరు తెరిచి తెలుగులో అడిగేదాకా ఇవ్వను.

నీ చెల్లి